దగ్గరున్న చేయి

ప్రతి సంవత్సరం మార్చి 4వ తేదీన మనము జాతీయ భద్రతా దినోత్సవాన్ని జరుపుకొంటాము. జెండా ఎగురవేస్తాము, ప్రతిజ్ఞ చేస్తాము, నినాదాల పోటీలో గెలిచినవారికి బహుమతులు పంచుతాము. ఇవన్నీ ప్రమాదం జరగకుండా చూడడానికి ఉద్దేశించినవి. వాటి అవసరాన్ని కాదనేవారు లేరు. అయితే ఎంత జాగ్రత్త వహించినా ఒకనాడు ప్రమాదం జరిగినప్పుడు, ఆ తరువాతి పది నిమిషాలలో ఎవరేమి చేయాలనే విషయం మన సభలలో వినబడేది తక్కువ. ఆ పది నిమిషాలను గురించి మా అనుభవంలోని నాలుగు మాటలు పాఠక మిత్రులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము ఒక బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రంలో ప్రథమ చికిత్స దళ సభ్యులము. మాలో ఒకరు బాయిలర్ విభాగంలో ఫిట్టరు, ఒకరు స్విచ్‌యార్డులో టెక్నీషియను, ఒకరు బొగ్గు కన్వేయర్ల దగ్గర ఆపరేటరు, ఇంకొకరు స్టోర్సులో గుమాస్తా. మేము తెలుగువారమే గాని మా కేంద్రం తెలుగునాటికి చాలా దూరం. మా చుట్టూ పనిచేసేవారు హిందీ, భోజ్‌పురి, ఒడియా, బెంగాలీ మాట్లాడేవారు. మేము వైద్యులము కాము. వైద్యుడు వచ్చేలోపల ప్రాణం పోకుండా చూడడం ఎట్లాగో కొంత నేర్చుకొన్నవారము, నేర్చుకొన్నదానిని మరచిపోకుండా ఉండడానికి శ్రమపడుతున్నవారము. అంతే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రతి 150 మంది కార్మికులకు ఒకటికి తగ్గకుండా ప్రథమ చికిత్స పెట్టెలు ఉండాలనీ, ఒక్కొక్క పెట్టె శిక్షణ పొందిన ఒక బాధ్యుని అధీనంలో పనివేళలన్నింటా అందుబాటులో ఉండాలనీ, 500 మందికి మించి పనిచేసే చోట అంబులెన్సు గది ఉండాలనీ విధించింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానాన్ని కొత్త కార్మిక స్మృతి ఆక్రమించింది. చట్టాల పేర్లు మారినా పెట్టె తలరాత మాత్రం పెద్దగా మారలేదు. ఒక చోట మేము తనిఖీకి వెళ్ళినప్పుడు పెట్టె గోడకు చక్కగా వేలాడుతున్నది, దానికి తాళం వేసి ఉన్నది, తాళంచెవి సెలవులో ఉన్న ఉద్యోగి బీరువాలో ఉన్నది. లోపలి దూది, కట్టుగుడ్డలు దొంగిలింపబడకూడదనే జాగ్రత్త అది. దూది క్షేమంగానే ఉన్నది. గాయపడినవాని మాటేమిటని అడిగితే ఎవరివద్దా సమాధానం లేదు. తాళం తీసినా పెట్టె తనంతట తాను ఎవరినీ బ్రతికించదు. దానిని తెరిచే చేయి ఏమి చేయాలో ఎరిగి ఉండాలి. అంతకన్న ముఖ్యంగా ఆ చేయి దగ్గరలో ఉండాలి.

మొదట నేర్చుకోవలసినది పరుగెత్తడం కాదు, ఒక్క క్షణం ఆగడం. పడిపోయినవానిని చూడగానే మనసు ముందుకు దూకుతుంది. అది మానవ సహజం, ప్రశంసనీయం కూడా. కాని అతనిని పడగొట్టినది ఇంకా అక్కడే ఉన్నదేమో చూడనివాడు రెండవ బాధితుడవుతాడు. కరెంటు షాకు తగిలినవానిని ముట్టుకొనే ముందు స్విచ్చి ఆపాలి. ఇండ్లలో వాడే కరెంటు అయి, ఆపడం సాధ్యం కాకపోతే, పొడి నేలమీద నిలబడి ఎండిన కర్రతో తీగను తొలగించవచ్చు. 11 కె.వి., 33 కె.వి. లైన్ల దగ్గర ఆ కర్ర కూడా రక్షించదు. అక్కడ సరఫరా ఆపి, లైనును ఎర్త్ చేశారని రూఢి అయ్యేవరకు దూరంగా ఉండడమొక్కటే మార్గం.

వాయువు సంగతి ఇంకా క్రూరమైనది. కొన్ని సంవత్సరాల క్రితం మాకు తెలిసిన ఒక కర్మాగారంలో మురుగు గుంట శుభ్రం చేయడానికి కాంట్రాక్టు కూలీ ఒకడు దిగాడు. దిగిన కొద్దిసేపటికే కూలబడ్డాడు. పైనున్న అతని బావమరిది “అయ్యో!” అంటూ దిగాడు, అతడూ కూలబడ్డాడు. మూడవవాడు దిగబోతుంటే తోటివారు నడుము పట్టుకొని ఆపారు. ఊపిరి యంత్రాలు ధరించిన అగ్నిమాపక సిబ్బంది వచ్చి ఇద్దరినీ పైకి తీసేటప్పటికి చేయదగినదేమీ మిగలలేదు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్ళిన గ్రుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తినే చంపివేస్తుంది. కార్బన్ మోనాక్సైడుకైతే అసలు వాసనే లేదు. ఆ బావమరిదికి లోపించినది ధైర్యం కాదు. లోపలి గాలిని పరీక్షించకుండా, నడుముకు తాడు లేకుండా, ఊపిరి యంత్రం లేకుండా దిగరాదనే ఒక్క మాట అతనికి ఎవరూ చెప్పి ఉండలేదు. శిక్షణ జాబితాలో కాంట్రాక్టు కూలీల పేర్లు లేవు.

రెండవది, పిలవడం. ఇది తేలికైన పనిగా కనబడుతుంది గాని కాదు. గుంపులో నిలబడి “ఎవరైనా ఫోను చేయండి” అని కేక వేస్తే ప్రతి ఒక్కరూ ఇంకెవరో చేస్తారనుకొంటారు. అందుచేత ఒక మనిషి కండ్లలోకి చూసి, వ్రేలు చూపి, “మీరు ఫోను చేయండి, చేసి వచ్చి నాకు చెప్పండి” అనాలి. ఇంకొకరిని గేటు దగ్గరికి పంపి అంబులెన్సుకు దారి చూపించమనాలి. పెద్ద కర్మాగారాలలో అంబులెన్సు గేటులోకి వచ్చిన తరువాత దారి తెలియక పోగొట్టుకొనే సమయం తక్కువేమీ కాదు. మా దళానికి ఇంకొక చిక్కు కూడా ఎదురయింది. ఆపద వేళ ఎవరికి వారికి మాతృభాషే నోటికి వస్తుంది. అభ్యాస సమయంలో మేము తెలుగులో అరిచినది బెంగాలీ మిత్రునికి అర్థం కాలేదు, అతడు అరిచినది మాకు అర్థం కాలేదు. అందుకని అందరికీ తెలిసిన ఐదారు పొట్టి హిందీ మాటలు ఎంచుకొని, గోడమీద వ్రాయించి, వాటినే వాడాలని నియమం పెట్టుకొన్నాము.

ఇక గుండె ఆగినప్పటి మాట. మన పరిశ్రమవారు తప్పక తెలుసుకోవలసిన చరిత్ర ఒకటి ఇందులో ఉన్నది. ఆగిన గుండెను పైనుండి చేతులతో నొక్కి రక్తాన్ని నడిపించే పద్ధతిని లోకానికి అందించినవారిలో ముఖ్యుడు వైద్యుడు కాడు. విలియం కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. కరెంటు లైన్ల మీద పనిచేసేవారు షాకు తగిలి మరణిస్తూ ఉండడం అక్కడి విద్యుత్ సంస్థలను కలవరపెట్టింది. విద్యుత్తు గుండెను ఎట్లా ఆపుతుంది, మళ్ళీ ఎట్లా నడిపించగలదు అన్న పరిశోధన ఆ కలవరం నుండి మొదలయింది. 1958లో ఆయన వద్ద పనిచేస్తున్న గై నికర్‌బాకర్ అనే యువ ఇంజనీరు, ప్రయోగంలో ఉన్న కుక్క ఛాతీమీద బరువైన ఎలక్ట్రోడులను గట్టిగా అదిమినప్పుడు, విద్యుత్తు పంపకముందే దాని రక్తపుపోటు పెరగడం గమనించాడు. జేమ్స్ జూడ్ అనే శస్త్రవైద్యుడు వారితో కలిశాడు. 1960లో ఆ ముగ్గురూ తమ పద్ధతిని ప్రకటించారు. ఛాతీ కోయకుండా, ఏ పరికరమూ లేకుండా, రెండు చేతులతో ఎవరైనా ఆరంభించగల చికిత్స అది. విద్యుత్ కార్మికుని మృత్యువును గురించిన ఆలోచన నుండి పుట్టిన విద్య విద్యుత్ కార్మికులకే రాకపోవడం కన్న విచారకరం ఏముంటుంది?

పద్ధతి కష్టమైనది కాదు. పడిపోయినవాని భుజాలు తట్టి పిలవాలి. పలుకు లేదు, శ్వాస లేదు, లేదా ఆగి ఆగి ఎగశ్వాస మాత్రమే ఉన్నది అంటే గుండె ఆగినట్లే భావించాలి. ఆ ఎగశ్వాసను చూసి “ఊపిరి ఆడుతూనే ఉన్నది” అని చాలామంది మోసపోతారు. మనిషిని గట్టి నేలమీద వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము ఎముక దిగువ సగం మీద ఒక అరచేతి మొదలు ఉంచి, దానిపై రెండవ చేయి వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. పెద్దవారికైతే 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6కు మించకుండా. నిమిషానికి 100 నుండి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోటితో ఊపిరి పోయడం నేర్చినవారు 30 నొక్కులకు రెండు ఊపిరులు ఇస్తారు. నేర్వనివారు ఆపకుండా నొక్కుతూ ఉంటే చాలు. భారతీయ అనస్థీషియా వైద్యులు 2017లో సామాన్య ప్రజల కోసం సూచించినదీ ఈ నొక్కే పద్ధతినే. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి, ఏమంటే అలసిన చేయి తనకు తెలియకుండానే తేలిపోతుంది. ఏ.ఇ.డి. అనే యంత్రం అందుబాటులో ఉంటే వెంటనే తెప్పించాలి. ఏమి చేయాలో అది తానే మాటలతో చెబుతుంది. గుండె ఆగిన తరువాత నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది గనుక, ఈ పని అంబులెన్సు కోసం వేచి ఉండదగినది కాదు.

మా పాత శిక్షణ పుస్తకాలలో 15 నొక్కులకు రెండు ఊపిరులని ఉండేది. 2005లో అది 30కి రెండుగా మారింది. మొదట ఊపిరి, ఆ తరువాత గుండె అన్న వరుస 2010లో మారి నొక్కడమే ముందుకు వచ్చింది. ఈ విద్య ఒకసారి నేర్చి సర్టిఫికెట్టును చట్రం కట్టించి గోడకు తగిలించేది కాదని దీనివలన తెలుస్తుంది.

ఒక మధ్యాహ్నం మా క్యాంటీనులో, పదవీ విరమణకు దగ్గరపడిన చార్జిమాన్ ఒకరు అన్నం పళ్ళెం ముందే ప్రక్కకు ఒరిగిపోయారు. మేము బాయిలర్ విభాగం నుండి అక్కడికి చేరడానికి నాలుగు నిమిషాలు పట్టింది. చేరేటప్పటికి చుట్టూ గుంపు, మధ్యలో నేలమీద మోకరిల్లి ఒక కుర్రవాడు. క్యాంటీను కాంట్రాక్టరు దగ్గర బల్లలు తుడిచే ఒడియా కుర్రవాడు. “ఎకో, దుయి, తిని” అని లెక్కపెడుతూ నొక్కుతున్నాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మాలో ఒకరు అతని స్థానంలోకి మారి అంకెలను తెలుగులో కొనసాగించారు. మా ఆసుపత్రి అంబులెన్సు యంత్రంతో వచ్చి, రెండవ షాకుకు గుండె తిరిగి కొట్టుకొన్నది. ఆ చార్జిమాన్ కొన్ని వారాలకు తిరిగి నడిచారు, విరమణ వీడ్కోలు సభలో మాట్లాడారు కూడా. ఆ కుర్రవాడు ఎక్కడ నేర్చుకొన్నాడని విచారిస్తే, అంతకు మూడు నెలల ముందు పర్మనెంటు ఉద్యోగులకు మేము క్యాంటీను హాలులో శిక్షణ ఇస్తున్నప్పుడు టీ అందించడానికి వచ్చి వెనుక నిలబడి చూశాడట. తరగతి ముగిశాక, “నేనూ ఒకసారి నొక్కి చూడనా, దాదా?” అని అడిగి బొమ్మ మీద అభ్యాసం చేశాడట. ఆనాటి హాజరుపట్టీలో అతని పేరు లేదు.

ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, మేము చెప్పదలచిన విషయం దానంతటదే తేటపడుతుంది. ఆపదలో మొదట అందేది దళం చేయి కాదు, దగ్గరున్న చేయి. మన కర్మాగారాలలో అతి ప్రమాదకరమైన పనుల దగ్గర, గుంటలలో, పరంజాల మీద, బూడిద గొట్టాల ప్రక్కన ఉన్న చేయి చాలాసార్లు కాంట్రాక్టు కార్మికునిది.

నేర్పవలసినవాటిలో చేయవలసిన పనులు ఎన్నో, చేయకూడనివీ అన్నే. రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డతో గాయం మీదనే గట్టిగా నొక్కి పట్టాలి. గుడ్డ తడిసిందని తీసి చూడరాదు, దానిపైనే ఇంకొకటి వేసి నొక్కాలి. చేతికో కాలికో తగిలిన గాయం నొక్కినా ఆగకపోతే, గాయానికి మూడు నాలుగు వ్రేళ్ళ ఎగువన, కీలుమీద కాకుండా, వెడల్పైన పట్టీతో బిగించి, బిగించిన సమయం వ్రాసి ఉంచాలి. సన్నని తీగ, తాడు పనికిరావు. తెగిపోయిన వ్రేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచుగడ్డల మీద ఉంచాలి. వ్రేలిని నేరుగా మంచులో పెడితే అది చెడిపోతుంది.

కాలిన చోట పంపునీరు 20 నిమిషాలు ధారగా పోయాలి. పండ్లపేస్టు, సిరా, నెయ్యి, పసుపు రాయరాదు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయాలి. అతుక్కుపోయిన బట్టను లాగరాదు. నీటిశుద్ధి విభాగంలో ఆమ్లమో క్షారమో కంట పడితే అదే నీరు, అంతే సేపు, రెప్పలు తెరచి పట్టుకొని. మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళంచెవులు పెట్టడం మన దేశమంతటా ఉన్న అలవాటు. దానివలన ప్రయోజనం ఏమీ లేదు. పండ్ల మధ్య చెంచా దూర్చడం వలన హాని కూడా ఉన్నది. చుట్టూ ఉన్న వస్తువులు తొలగించి, తలక్రింద మెత్తని గుడ్డ పెట్టి, కుదుపు ఆగిన తరువాత ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టాలి. స్పృహ లేనివాని నోట నీళ్ళు పోయడం మన దయాగుణానికి నిదర్శనమే గాని, ఆ నీళ్ళు ఊపిరితిత్తులలోకి పోతాయి. ఎత్తునుండి పడినవానిని నలుగురు నాలుగు ప్రక్కలా పట్టి ఎత్తడం వెన్నుపాముకు ప్రమాదం. అక్కడే ఉండడంలో ఇంకే అపాయమూ లేకపోతే తల, మెడ కదలకుండా పట్టుకొని స్ట్రెచరు కోసం వేచి ఉండాలి.

కేబుల్ కాలువలలో పాములు ఉండడం మన పాఠకులకు కొత్త కాదు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు మరణాలు సగటున ఏటా 58,000 అని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. కాటు పడినచోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మూడూ కీడే. మనిషిని నడిపించకుండా, కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చడమే చికిత్స.

గేటు బయట రహదారి మీద ప్రమాదం జరిగినప్పుడు మనవారిలో చాలామంది వెనుకాడేది జ్ఞానం లేక కాదు, పోలీసు, కోర్టు భయం వలన. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. సహాయం చేసినవారిని వేధించరాదనే మార్గదర్శకాలకు 2016 మార్చిలో సుప్రీం కోర్టు చట్టబలం కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షను సద్బుద్ధితో సహాయం చేసినవారికి రక్షణ ఇచ్చింది. పేరు చెప్పడం, చెప్పకపోవడం వారి ఇష్టం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ నేడు అనేక రాష్ట్రాలలో నడుస్తున్నది. తెలుగునేల మీద మొదలైన ఆ అంకెను ఇంతదూరంలో పరాయి రాష్ట్రపు రహదారి మీద చూసినప్పుడు మాకు కలిగే సంతోషం వేరు. అయితే ఎంత వేగంగా వచ్చే బండి అయినా ప్రక్కన ఉన్న మనిషి కన్న ముందు రాలేదు.

యాజమాన్యానికీ, సంఘాల నాయకులకూ, తోటి ఉద్యోగులకూ మా విన్నపాలు మూడే. మొదటిది, ప్రథమ చికిత్స శిక్షణ జాబితాను ఉద్యోగ హోదాను బట్టి గాక, మనిషి నిలబడే చోటును బట్టి తయారు చేయాలి. కాంట్రాక్టు కార్మికునికి గేటుపాసు ఇచ్చే రోజుననే కనీసం గుండె నొక్కడం, రక్తం ఆపడం, గుంటలోకి దిగకపోవడం నేర్పాలి. అతని భాషలోనే నేర్పాలి. రెండవది, చేతికి వచ్చిన విద్య చేతిలో నిలవాలంటే మూడు నెలలకొకసారి బొమ్మమీద అభ్యాసం జరగాలి. పుస్తకం చదివి ఈత నేర్చినవాడు ఎట్లా లేడో, ఉపన్యాసం విని గుండె నొక్కడం నేర్చినవాడూ లేడు. మూడవది, పెట్టెలకు తాళాలు తీసివేయాలి. దూది పోతే మళ్ళీ కొనవచ్చు.

టౌన్‌షిప్పులోని గృహిణులకు, పాఠశాలలోని పెద్ద తరగతుల పిల్లలకు కూడా మేము ఈ విద్య నేర్పడానికి సిద్ధంగా ఉన్నాము. గుండె ఆగడం పనివేళల్లోనే జరుగుతుందన్న నియమం లేదు. ప్రతి నెల మొదటి శనివారం సాయంత్రం నాలుగు గంటలకు క్యాంటీను హాలులో బొమ్మతో సహా మేము ఉంటాము. వచ్చేవారు తమతోపాటు తమ విభాగంలోని ఒక కాంట్రాక్టు కార్మికుని వెంటబెట్టుకొని రావలసిందిగా ప్రార్థన. ఇకమీదట హాజరుపట్టీలో అతని పేరు కూడా వ్రాస్తాము.